ఇరవై ఒక్క నెలలు, మూడు కంపెనీలు, ఒకటే డెస్కు

పేపర్లో అన్నిటికంటే చిన్న అక్షరాలతో అచ్చయ్యే వాక్యం ఆఖరి పేజీ అడుగున ఉంటుంది. ఫలానా వారి తరఫున ఫలానా వారు ఫలానా ప్రెస్సులో ముద్రించి ఫలానా చోటు నుంచి ప్రచురించినది, ఎడిటర్ ఫలానా. దాన్ని ఇంప్రింట్ లైను అంటాం. చట్ట ప్రకారం ప్రతి సంచికలోనూ ఉండి తీరాలి. రాత్రి పేజీలు ప్రెస్సుకి పంపేముందు నిన్నటి ఫైల్లోంచి దాన్ని కాపీ చేసి అతికించడం నా పని. ఇరవై ఒక్క నెలలు అతికించాను. ఒక్కరోజైనా చదివిన పాపాన పోలేదు.

2023 ఫిబ్రవరిలో చేరాను. మాది గుంటూరు. నాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో విజయవాడ అంటే అమ్మవారి తర్వాత పేపర్లే. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో మొదలైంది ఈ ఊళ్లోనే కదా, ఆ లెక్కలన్నీ ఆయనకి నోటికొచ్చు. కూతురు విజయవాడలో పేపర్లో సబ్ ఎడిటర్ అని వీధిలో ఎవరు కనిపించినా చెప్పుకునేవారు. అందుకే చాలాకాలం ఇంట్లో అసలు సంగతి చెప్పలేకపోయాను.

ఇంటర్వ్యూ ఏడు నిమిషాల్లో అయిపోయింది. మా ఎండీ గారిది రియల్ ఎస్టేట్. రాజధాని చుట్టుపక్కల నాలుగైదు వెంచర్లు వేశారు. వాటి పక్కన ఒక చిన్న పేపరు, ఒక యూట్యూబ్ ఛానల్. "వార్త అంటే ఏంటమ్మా?" అని ఒక ప్రశ్న వేసి, జవాబు నేను పూర్తిచేసేలోపే ఫోనెత్తారు. నెల తర్వాత అపాయింట్‌మెంట్ లెటర్ చేతికొచ్చింది. నన్ను తీసుకుంది సబ్ ఎడిటర్‌గా. లెటర్లో ఉన్నది 'కంటెంట్ ఎగ్జిక్యూటివ్'. పైన లెటర్‌హెడ్ చూస్తే వెంచర్ల కంపెనీది. ఎండీ గారి బావమరిది మాకు సీఓఓ, అంటే రోజువారీ వ్యవహారాలు చూసే పెద్ద. ఆయన్ని అడిగాను. "అన్నీ మన గ్రూపే కదమ్మా, ఏ పేరైతే ఏముంది?" అన్నారు. నిజమే కదా అనుకున్నాను. జిల్లా కలెక్టరు పేరులో ఒక ఇంటిపేరు తప్పు పడితే ఊళ్ల నుంచి వార్తలు పంపే స్ట్రింగర్‌కి ఫోన్ చేసి గట్టిగా అడిగే మనిషిని, నా ఉద్యోగం ఏ కంపెనీలో అని మాత్రం అడగలేదు.

జీతం 22,000 అన్నారు. చేతికొచ్చేది 18,920. బేసిక్ 12,000 మీద నా పీఎఫ్ 1,440, కంపెనీ వాటా కూడా నా జీతంలోంచే ఇంకో 1,440, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. ఉద్యోగుల వైద్య బీమా ఈఎస్ఐ లేదేమిటంటే, 21,000 దాటితే రాదన్నారు. వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి భలే తప్పించుకున్నారే అని నవ్వుకున్నాం. చాన్నాళ్లకి ఒక యూనియన్ పెద్దాయన కాగితం మీద లెక్కేసి చూపించాడు. కంపెనీ వాటా తీసేస్తే నా అసలు జీతం 20,560. అంటే ఈఎస్ఐ రావాలి. వెయ్యి ఎక్కువిచ్చిందీ లేదు, ఈఎస్ఐ ఇచ్చిందీ లేదు.

మేనేజ్‌మెంటు అంటే మాకు ముగ్గురు. ఎండీ గారు, బావమరిది గారు, హైదరాబాద్ నుంచి నెలకి పది రోజులు వచ్చే అడ్వైజర్ గారు. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. ఏదీ రాసివ్వరు. మెయిల్ లేదు, సర్క్యులర్ లేదు, నోటీసు బోర్డు అసలే లేదు. అంతా వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు. రాసి పంపితే రేపు నేననలేదు అనడానికి ఉండదని కాబోలు అనుకునేవాళ్లం. తర్వాత తెలిసింది, ఎండీ గారికి తెలుగు టైపింగ్ రాదు, అంతే.

ఒక రాత్రి సంగతి చెబుతాను, మిగతా రాత్రులు మీరే ఊహించుకోవచ్చు. బాపట్ల, రేపల్లె వైపు వెళ్లే పేజీలు 12.15కల్లా ప్రెస్సులో ఉండాలి. దాటితే బండి వెళ్లిపోతుంది. 11.20కి ఎండీ గారి వాయిస్: మన కొత్త వెంచర్ ప్రారంభోత్సవం ఫస్ట్ పేజీలో పెట్టండి, ఫొటో పెద్దగా ఉండాలి. సరేనని కృష్ణా జలాల వార్తని లోపలికి పంపి పేజీ విప్పాం. 11.40కి బావమరిది గారు: ఫస్ట్ పేజీలో వద్దు, అక్కడ రేపు వేరే పార్టీ యాడ్ ఉంది, వాళ్లు ఫీలవుతారు. మళ్లీ విప్పాం. 11.55కి అడ్వైజర్ గారు హైదరాబాద్ నుంచి ఫోన్: ఇంత పెద్ద గ్రూపు ఈవెంటుని లోపల పడేస్తారా, మీకు న్యూస్ సెన్స్ లేదా? వార్తలు దిద్ది పేజీలు పెట్టే మా డెస్క్ ఇన్‌చార్జి గారు ఒక చెవికి ఒక ఫోను, ఇంకో చెవికి ఇంకో ఫోను పెట్టుకుని "సార్... సార్... అలాగే సార్" అంటూ ఇద్దరికీ ఒకేసారి ఒప్పుకున్నారు. పేజీ 12.50కి వెళ్లింది. బండి లేదు. తెల్లారి రేపల్లె ఏజెంటు ఫోన్ చేసి తిట్టిన తిట్లు అచ్చువేయడానికి పనికిరావు. మధ్యాహ్నానికి 'డెస్క్ నిర్లక్ష్యం' మీద మీటింగు. ముగ్గురూ వచ్చారు. ఆ ఒక్క విషయంలో ముగ్గురిదీ ఒకే మాట.

ఆ మీటింగ్ తర్వాత డెస్కుని ఈశాన్యం వైపు మార్చారు. ఎవరో వాస్తు పండితుడు చెప్పాడట. ఆర్నెల్లకి నైరుతికి, మళ్లీ ఉత్తరానికి. మూడోసారి మార్చినప్పుడు కేబుళ్లు చాలక ప్రింటర్ ఒక్కటి ఈశాన్యంలోనే ఉండిపోయింది. ప్రూఫు కాగితం కావాలంటే హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి.

మొదట్లో రాత్రి డ్యూటీ వాళ్లకి క్యాబ్ ఉండేది. ఎనిమిదో నెలలో ఆగిపోయింది. ఒంటిగంటకి నెహ్రూ బస్టాండ్‌కి వెళ్లి గుంటూరు బస్సు కోసం నిలబడడం ఆడపిల్లకి ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. కొన్ని రాత్రులు ఎడిటింగ్ గదిలో రెండు కుర్చీలు కలిపి పడుకుని తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వారధి దాటేదాన్ని. తర్వాత మొగల్రాజపురంలో హాస్టల్ తీసుకున్నాను. క్యాబ్ ఖర్చు కంపెనీకి తగ్గింది, హాస్టల్ ఖర్చు నాకు పెరిగింది.

యాడ్స్ టార్గెట్ సంగతి వేరే. వార్షికోత్సవ సంచికకి డెస్కులో ఒక్కొక్కరూ పాతిక వేలు తేవాలన్నారు. నేను వార్తలు దిద్దేదాన్ని, యాడ్ ఎవరినడుగుతాను? గుంటూరు మిర్చి యార్డులో బాబాయికి కమీషన్ కొట్టుంది. మొహమాటపడుతూ అడిగాను. "పేపర్లో నా ఫొటో వేస్తారా అమ్మడూ?" అన్నాడు నవ్వుతూ, పదివేలు నగదు తెచ్చిచ్చాడు. సంచిక వచ్చింది. బాబాయి ఫొటో బ్రహ్మాండంగా పడింది. కింద పేరు, ఫోన్ నంబరు మాత్రం ఎవరో పళ్ల డాక్టరువి. ఆ డాక్టరు గారి యాడ్ కింద మిర్చి కొట్టు అడ్రసు. నాలుగు రోజులు బాబాయికి యార్డులో అందరూ పళ్లు చూపించారు. బిల్లు కోసం రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఆ పేపరు ఇప్పటికీ ఆయన బీరువాలో ఉంది, ఎవరొచ్చినా తీసి చూపిస్తాడు. నవ్వుతూనే చూపిస్తాడు, నాకే తల కొట్టేసినట్టుంటుంది.

మాదే ఇలా ఉంటే స్ట్రింగర్ల గతి ఏం చెప్పను. వాళ్లకి జీతం లేదు. పైగా ఐడీ కార్డుకి, మైకు మీద పెట్టే లోగోకి వాళ్లే డిపాజిట్ కట్టాలి. తిరువూరు వైపు నుంచి ఒకాయన 30,000 కట్టాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. నేను అన్నా అంటే ఆయన మేడం అంటాడు. మా పేపర్లో ఆ ప్రాంతం వార్తలో ఒక్క తప్పు లేకుండా వచ్చేది ఆయన వల్లే. డబ్బుకి మాత్రం రసీదు ఇవ్వలేదు. "బావమరిది గారు చేత్తో తీసుకున్నారు మేడం, రసీదు అడిగితే నమ్మకం లేదా అన్నారు" అన్నాడు.

2024 ఎన్నికల ముందు ఆఫీసు కళకళలాడింది. మే 13న పోలింగు, జూన్ 4న కౌంటింగు. ఆ రెండు మూడు నెలలు జీతాలు ఠంచనుగా ఒకటో తారీఖున పడ్డాయి, రాత్రిపూట బిర్యానీ పొట్లాలు కూడా వచ్చాయి. ఎవరి డబ్బు అని ఎవరం అడగలేదు. ఏ అభ్యర్థి ఇంటర్వ్యూ ఎంత పొడుగుండాలో కొలతలు పైనుంచే వచ్చేవి, అందులో మా చేతిలో ఏం ఉందిలే అనుకున్నాం. అది నా తప్పే, ఇప్పుడు చెప్పుకోవడంలో గొప్పేం లేదు. కౌంటింగ్ అయిన వారానికి ఎండీ గారి కారు ఆఫీసు ముందు కనపడ్డం మానేసింది.

కంపెనీ పరిస్థితి అందరికంటే ముందు కనిపెట్టింది కింద టీ కొట్టు అతను. జూన్ ఆఖర్లో అకౌంట్స్ వాళ్లకి ఖాతా ఆపేశాడు. డెస్క్ వాళ్లకి మాత్రం రాసుకునేవాడు. రోజు, పేరు, ఎన్ని టీలు, ఎన్ని సమోసాలు, నల్ల అట్ట పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో. ఆ బిల్డింగులో కాగితం మీద ఉన్న లెక్క అదొక్కటే.

జూన్ జీతం జూలై 15న, జూలైది ఆగస్టు 28న పడ్డాయి. ఆ తర్వాత సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగిపోయాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్లని గుద్దాయి. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. మా సిటీ రిపోర్టరు ఉండేది సింగ్‌నగర్‌లోనే. నడుంలోతు నీళ్లలో నిలబడి విజువల్స్ పంపాడు. వాటిలో ఒకదాంట్లో వెనకాల మెట్ల దాకా మునిగిన ఆకుపచ్చ గేటు కనిపిస్తుంది. అది వాళ్లిల్లేనని మూడోరోజుగ్గానీ చెప్పలేదు. బండి పాడైపోయింది, పెట్రోలు డబ్బులైనా ఇప్పించమని డెస్క్ ఇన్‌చార్జి గారు అడిగితే బావమరిది గారి వాయిస్: "ఇలాంటప్పుడు కూడా డబ్బులేంటండీ, సేవ అనుకోవాలి." అదే రోజు మా ఛానల్లో ఎండీ గారు పులిహోర పొట్లాలు పంచుతున్న దృశ్యాలు గంటకొకసారి వేశాం.

ఆ వాయిస్ మెసేజ్ నేను సేవ్ చేసుకున్నాను. కోపంతోనే, ఏదో చేద్దామని కాదు. అప్పటి నుంచి వచ్చినవన్నీ దాచడం మొదలుపెట్టాను.

ఆగస్టు జీతం దసరా ముందు సగం పడింది. కొండ మీద అమ్మవారి అలంకారాలు రోజుకొకటి పేజీ పెట్టాం. అక్టోబరు 12 విజయదశమి. ఆ రోజు హాస్టల్లో కూర్చుని ఫోన్లో ప్రభుత్వ సేవల యాప్ ఉమాంగ్ తెరిచి మొదటిసారి పీఎఫ్ పాస్‌బుక్ చూశాను. ఒక్కో నెలకి ఒక్కో వరస: 1,440, 440, 1,000. మధ్యది కంపెనీ వాటాలో పీఎఫ్, చివరిది పెన్షన్‌కి పోయేది. ఆఖరి వరస 2024 మార్చి. ఏప్రిల్ నుంచి జూలై దాకా నాలుగు నెలలు నా జీతంలో కోశారు, కట్టలేదు. 11,520 రూపాయలు. పైన కంపెనీ పేరు చూస్తే వెంచర్ల కంపెనీ కాదు, పేపరు కాదు, ఎప్పుడూ వినని ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీ.

అప్పుడు లేచి, హాస్టల్ బల్ల మీద పరిచిన మా పేపరే తీసి, చపాతీల నూనె మరక పక్కన ఇంప్రింట్ లైను చదివాను. అక్కడ ఇంకో కంపెనీ. ఎడిటర్‌గా ఎండీ గారి భార్య పేరు, పక్కన చుక్క గుర్తు, వార్తల ఎంపికకు బాధ్యురాలు అని. ఆవిడని నేను ఒకేసారి చూశాను, ఆఫీసు గృహప్రవేశం నాటి ఫొటోలో.

అక్టోబరు 31న మానేశాను. రాజీనామా మెయిల్ చేస్తే, మెయిల్ చెల్లదు, సంతకంతో ఇవ్వాలన్నారు. జీవితంలో మొదటిసారి వాళ్లు కాగితం అడిగారు! తీసుకెళ్తే తీసుకోవడానికి హెచ్‌ఆర్ లేదు, ఆ అమ్మాయి నాకంటే ముందే మానేసింది. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రావాల్సింది రెండున్నర నెలల జీతం, 47,300.

నవంబరులో లేబర్ ఆఫీసుకి వెళ్లాను. అధికారి మంచాయన, కానీ మొదటి ప్రశ్నకే నీరుగారిపోయాను. "మీరు అక్కడ పనిచేసినట్టు రుజువేంటమ్మా?" ఆరువందల పైచిలుకు పేజీలు పెట్టాను. ఒక్కదాని మీదా నా పేరుండదు, డెస్కు వాళ్ల పేరు ఎక్కడా పడదు. ఉన్నవి బల్ల మీద పెట్టాను. అపాయింట్‌మెంట్ లెటరూ జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటూ వెంచర్ల కంపెనీవి, పాస్‌బుక్ మ్యాన్‌పవర్ ఏజెన్సీది, పేపరు ఇంకోరిది. ఆయన కళ్లజోడు పైకి తోసి, "ఇంతకీ నువ్వు ఎవరి దగ్గర చేశావమ్మా?" అన్నారు. 1955 వర్కింగ్ జర్నలిస్టుల చట్టం గురించి అడిగాను. చేసే పనిని బట్టి వర్తిస్తుంది గానీ, 'కంటెంట్ ఎగ్జిక్యూటివ్' అన్న మాట పట్టుకుని వాళ్లు ఏళ్ల తరబడి సాగదీస్తారు, ముందు జీతం రాబట్టుకో అన్నారు. అది తెలివైన సలహా. మూడు కంపెనీలకీ నోటీసులు పంపారు. మూడూ ఒకే అడ్రసు, ఒకే అంతస్తు. మూడూ ఒకే వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకున్నాడు.

మొదటి వాయిదాకి ఎవరూ రాలేదు. రెండోదానికి అకౌంటెంట్ వచ్చాడు. పాపం, అతనికీ జీతం బాకీయే. "ఆవిడ మా స్టాఫ్ కాదండీ, అప్పుడప్పుడూ ఫ్రీలాన్స్" అని అప్పజెప్పిన మాట నేల చూస్తూ చెప్పాడు. నేను ఫోన్ తీసి ఎండీ గారి వాయిస్ పెట్టాను. 'అమ్మా, నువ్వు డెస్కులో సీనియర్‌వి, నువ్వే ఇలా అడిగితే మిగతావాళ్లకేం చెప్తాను, వచ్చే శుక్రవారం జీతం కచ్చితం.' తేదీ అక్టోబరు 16. ఆ గదిలో ఆయన గొంతు ఖంగుమని మోగింది. ఇంకో రెండు వినిపించబోతుంటే అధికారి చాల్లెమ్మా అన్నారు. 30,000కి చెక్కు, మిగతాది నెలలో అని రాసి సంతకాలు పెట్టారు. చెక్కు చెల్లింది. మిగతా 17,300 ఇంతవరకూ రాలేదు. మళ్లీ వెళ్లమని యూనియన్ పెద్దాయన అంటూనే ఉన్నాడు. కొత్త ఉద్యోగంలో సెలవు పెట్టి వాయిదాలు తిరిగే ఓపిక లేక ఊరుకున్నాను.

పీఎఫ్ మాత్రం వదల్లేదు. అది తేలికగా అయింది కూడా. ఈపీఎఫ్‌ఓ గ్రీవెన్స్ పోర్టల్లో నా పీఎఫ్ నంబరు (యూఏఎన్)తో ఫిర్యాదు పెట్టి, కోత కనిపించే నాలుగు పేస్లిప్పులు జతచేశాను. ఏ నెలది ఆ మరుసటి నెల 15లోగా కట్టాలి, ఆలస్యమైతే 12 శాతం వడ్డీ, పైన జరిమానా కూడా వాళ్లదే. ప్రతి నెలా 27న 'నిధి ఆప్కే నికట్' అని పీఎఫ్ అధికారులు ఎదురుగా కూర్చుని వింటారు. డిసెంబరు 27న దానికీ వెళ్లొచ్చాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి పాస్‌బుక్ చూస్తే నాలుగు వరసలు కొత్తగా ఉన్నాయి. 1,440, 440, 1,000. మానేసిన తేదీ కంపెనీ ఎక్కించకపోయినా ఆఖరి జమ అయిన రెండు నెలల తర్వాత మనమే ఎక్కించుకోవచ్చు, ఎక్కించి కొత్త కంపెనీ ఖాతాకి మార్చుకున్నాను.

టీ కొట్టులో నా ఖాతా 340 ఉంటే వెళ్లి కట్టాను. పుస్తకంలో నా పేరు కొట్టేస్తూ, మీ ఎండీ గారిది పదకొండు వేలుందండీ అన్నాడు.

మొన్న తిరువూరు అన్న ఫోన్ చేశాడు. లేబర్ ఆఫీసుకి అర్జీ రాసిపెట్టమని. డిపాజిట్ కట్టినట్టు ఏదైనా ఉందా అన్నా అంటే, "లోగో ఉంది కదా మేడం, ఇంట్లోనే ఉంది" అన్నాడు. లోగో తెచ్చిస్తే డిపాజిట్ ఇస్తామన్నారట వాళ్లు. డిపాజిట్ ఇస్తే లోగో ఇస్తానన్నాడట ఈయన. ఆర్నెల్లుగా అక్కడే ఆగింది. "మనవడు దాన్ని గరిటెకి తగిలించి వాళ్ల నానమ్మని ఇంటర్వ్యూ చేస్తున్నాడు, జాగ్రత్తగానే వాడుతున్నాడు లెండి" అన్నాడు. లోగో ఫొటో తీసి పంపమన్నాను, వెనకవైపు నంబరు కనపడేట్టు.